మూడు మెల్లోట్రాన్ల 'స్ప్రింగ్'

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు ఛాయలున్న రాక్ శైలి అయిన సింఫనిక్ ప్రోగ్రెసివ్ రాక్ అనగానే జెనెసిస్, యెస్ బృందాల పేర్లే వినిపిస్తాయి గానీ, ఇంగ్లండులోని లెస్టర్‌కు చెందిన 'స్ప్రింగ్' బృందం 1971లో అదే పేరుతో తెచ్చిన ఆల్బమ్‌ను తలచుకునేవారు అరుదు. రెండో ఆల్బమ్ వెలువడకముందే బృందం విడిపోవడంతో అది మరుగున పడింది.

ఇందులో ముగ్గురు సభ్యులు మెల్లోట్రాన్ అనే కీబోర్డు వాద్యం వాయించారు. ఆ వాద్యంలో ఒక్కో మెట్టుకు ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మెట్టు నొక్కితే ముందే రికార్డు చేసిన వయొలిన్ల ధ్వని సుమారు 8 సెకన్లు పలికి ఆగిపోతుంది, మళ్లీ పలకాలంటే వేలు ఎత్తక తప్పదు. తిరుపతి గుళ్లలో ఊపిరి తెగకుండా సాగే నాదస్వరం వింటూ పెరిగిన నాకు, ఆ పరిమితికి లోబడి స్వరాలు ఒకదాని మీదుగా మరొకటి మారుతూ పోయే తీరు మొదట కొత్తగా తోచి, తర్వాత విడవలేనంతగా నచ్చింది.

'షిప్‌రెక్డ్ సోల్జర్'లో కవాతును తలపించేలా డ్రమ్స్ వాయించిన పిక్ విథర్స్, తర్వాత డైర్ స్ట్రెయిట్స్ అనే రాక్ బృందంలో పేరు తెచ్చుకున్నాడు. 'స్ప్రింగ్' గాయకుడు ప్యాట్ మోరన్ గొంతులోని ఆర్ద్రత మాత్రం, నా దృష్టిలో, ఆ కాలపు ప్రసిద్ధ గాయకులెవరికీ తీసిపోదు. కొత్తగా వినేవారు మొదటి పాట 'ది ప్రిజనర్'తోనే ప్రారంభించి, వరుస తప్పకుండా వినాలని నా మనవి.