బోనస్ ఏ బ్యాంకుది ఎక్కువ అని అడిగాడు మా తమ్ముడు

పోయిన ఆదివారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. హెచ్‌1బీ స్టాంపింగ్ అయిపోయిందట, అక్టోబర్ మొదటి వారంలో డల్లాస్‌లో దిగుతున్నాడట. సూట్‌కేసులో ఆవకాయ ఎంత పెట్టుకోవచ్చు, కుక్కర్ తేవాలా అక్కర్లేదా అనే మాటలన్నీ అయ్యాక అసలు సంగతికొచ్చాడు. "అక్కా, అక్కడ కొత్త అకౌంట్ తెరిస్తే రెండొందలు, మూడొందల డాలర్లు బోనస్ ఇస్తారటగా, ఏ బ్యాంకుది ఎక్కువ?" నేను దానికి జవాబు చెప్పకుండా "నీకు సిప్‌లు ఎన్ని నడుస్తున్నాయిరా?" అన్నాను, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసే వాయిదాలు. "ఇండియావి ఇప్పుడెందుకక్కా?" అన్నాడు.

2018 అక్టోబర్‌లో నేను వచ్చేటప్పుడు నన్నెవరైనా ఆ మాట అడిగుంటే నేనూ అదే అనేదాన్ని. అప్పుడు నా టెన్షనంతా అమెరికా బ్యాంకు మీదే. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే, ఇక్కడి బ్యాంకుల విషయంలో నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ కలిపినా వంద డాలర్లు పోయుండవు. అకౌంట్ నచ్చకపోతే ఇంకోటి తెరిచి, జీతం అటు మళ్లించి, పాతది మూసేస్తే సరిపోతుంది. నాకు తలనొప్పి తెచ్చినవన్నీ హైదరాబాద్‌లో "అవలా ఉండనీలే, తర్వాత చూసుకుందాం" అని వదిలేసి వచ్చినవే.

ఇక్కడి సంగతి ముందు గబగబా చెప్పేస్తాను. దిగాక మూడు వారాలు ఇర్వింగ్‌లో ఒక ఫ్రెండ్ అపార్ట్‌మెంట్ హాల్లో పరుపు వేసుకుని ఉన్నాను. ఎస్‌ఎస్‌ఎన్, అంటే ఇక్కడి ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు, ఇంకా రాలేదు, లీజులో నా పేరు లేదు. మొదటి బ్రాంచీలో ఎస్‌ఎస్‌ఎన్ లేనిదే కుదరదని పంపేశారు. అదే రోడ్డు మీద కాస్త ముందుకెళ్తే ఇంకో బ్యాంకు, అక్కడ పాస్‌పోర్టు, ఐ-797 (హెచ్‌1బీ మంజూరు కాగితం), ఆఫర్ లెటర్ చూసి అరగంటలో అకౌంట్ తెరిచారు. కాబట్టి ఒకచోట కాదంటే పక్కది చూసుకోవడమే, బెంగపడాల్సిన పనేమీ లేదు. చెకింగ్ అంటే జీతం పడేది, అద్దె, కరెంటు బిల్లు పోయేది. దీనికి నెలకి పది, పదిహేను డాలర్ల ఫీజు పెట్టే బ్యాంకులు చాలా ఉంటాయి, జీతం డైరెక్ట్ డిపాజిట్ పెడితే మామూలుగా ఆ ఫీజు ఉండదు. బోనస్‌కి కూడా దాదాపు అదే షరతు. ఇంకో సంగతి, ఆ బోనస్‌ని వడ్డీ కింద లెక్కేసి తర్వాతి ఏడాది మొదట్లో 1099 ఫారం పంపిస్తారు, దానిమీదా పన్ను కట్టాలి.

సేవింగ్స్ మాత్రం ఆ పెద్ద బ్యాంకులోనే పెట్టకండి. నేను పెట్టాను. పెద్ద పెద్ద బ్యాంకుల మామూలు సేవింగ్స్ వడ్డీ 0.01 శాతం, అంటే పదివేల డాలర్లు ఏడాదంతా కదపకుండా ఉంచితే చేతికొచ్చేది ఒకే ఒక్క డాలరు! 2023, 2024లో ఆన్‌లైన్ బ్యాంకులు నాలుగు శాతం పైన ఇచ్చాయి, అదే పదివేలకి నాలుగొందలన్నమాట. ఫెడ్, అంటే మన రిజర్వ్ బ్యాంకు లాంటిది, రేటు తగ్గించినప్పుడల్లా ఇదీ తగ్గుతుంది, కానీ ఒక్క డాలరుతో పోలికే లేదు. ఆన్‌లైన్ బ్యాంకంటే భయమైతే ఎఫ్‌డీఐసీ ఇన్సూరెన్స్ ఉందో లేదో చూసుకోండి, ఒక మనిషికి ఒక బ్యాంకులో 2,50,000 డాలర్ల దాకా అదే కాపాడుతుంది.

మొదటి వారంలోనే ఒకసారి డెబిట్ కార్డుతో ఆన్‌లైన్‌లో దుప్పటి కొన్నాను. నంబరు కొట్టి, ఓటీపీ ఎప్పుడొస్తుందా అని ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చున్నాను, ఈలోపు ఆర్డర్ కన్ఫర్మ్ అని వచ్చేసింది. గుండె ఝల్లుమంది. మనకి ప్రతిదానికీ ఓటీపీ అలవాటు కదా, ఇక్కడ చాలాచోట్ల నంబరు తెలిస్తే చాలు. అందుకే డెబిట్ కార్డు బయటికి తీయడం మానేసి, 500 డాలర్లు డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు తెచ్చుకున్నాను. హైదరాబాద్‌లో మన సిబిల్ స్కోరు ఎంత బంగారమైనా మామూలుగా ఇక్కడి లెక్కలోకి రాదు, సున్నా నుంచి మొదలు. ఆ కార్డు మీద కూరగాయలు, పెట్రోలు కొని నెలనెలా మొత్తం కట్టేస్తుంటే ఏడాది తిరిగేసరికి కారు లోన్ అడగడానికి మొహం చెల్లుతుంది.

ఇక సిప్‌లు. 2014 నుంచి మూడు ఫండ్లలో తలా 5,000 వేస్తూ వచ్చాను. వచ్చేటప్పుడు ఆపలేదు, మంచి అలవాటు ఎందుకు మానడం అనుకున్నాను. పైగా పాత జీతం అకౌంట్లో డబ్బుంది, దానంతటదే కట్ అవుతోంది. 2021లో టాక్స్ రిటర్న్ చేయిస్తుంటే కొత్త సీపీఏ (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్) గారు ఇండియాలో ఏమేం ఉన్నాయో అడిగారు. ఫ్లాటు అన్నాను, సరే అన్నారు. కొన్ని షేర్లు అన్నాను, సరే అన్నారు. మ్యూచువల్ ఫండ్స్ అనగానే "ఎన్ని?" అన్నారు. "మూడు." "అయితే అమ్మిన ఏడాది మూడు 8621 ఫారాలు."

అమెరికా పన్ను చట్టం దృష్టిలో మన మ్యూచువల్ ఫండు అంటే పీఎఫ్‌ఐసీ, అంటే పాసివ్ ఫారిన్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ. అమెరికా వాళ్లు డబ్బు బయటి దేశాల ఫండ్లలో దాచి పన్ను వాయిదా వేసుకోకుండా ఉండటానికి 1986లో పెట్టిన రూలు, మన సిప్‌లు అందులో చిక్కుకున్నాయి. మామూలు షేరు ఏడాదికి పైగా ఉంచి అమ్మితే లాభం మీద తక్కువ రేటు పడుతుంది. ఫండు అమ్మితే అలా కాదు, ఆ లాభాన్ని మనం దాన్ని పట్టుకున్న రోజులన్నిటికీ సమానంగా పరిచి, ఇక్కడ పన్ను కట్టే మనిషిగా ఉన్న పాత సంవత్సరాల వాటా మీద ఆయా ఏళ్ల అత్యధిక రేటు వేసి, పైగా ఇన్నాళ్లూ కట్టనందుకు వడ్డీ కూడా వేస్తారు. ఇంకో పద్ధతి ఎంచుకోవచ్చు కానీ దానికీ ఏటేటా లెక్కలు, ఫారాలు. నా మూడు ఫండ్లూ కలిపి అప్పటికి 17 లక్షలయ్యాయి. అమ్మేశాను. పన్ను, వడ్డీ, ఆ మూడు ఫారాలకి సీపీఏ ఫీజు అన్నీ పోను లాభంలో మూడో వంతు పైనే ఎగిరిపోయింది.

ఇందులో నాకు ఇప్పటికీ ఒళ్లు మండే విషయం వేరే ఉంది. నేను వచ్చింది అక్టోబర్‌లో. అంతకుముందు అమెరికా మొహం చూడలేదు. ఆ ఏడాది ఇక్కడ ఉన్న రోజులు 183 కన్నా చాలా తక్కువ, కాబట్టి 2018 డిసెంబర్ 31 దాకా పన్ను లెక్కలో నేను అమెరికా రెసిడెంటుని కాను. ఆలోపు ఫండ్లన్నీ అమ్మేసుంటే అమెరికాకి ఒక్క సెంటు కట్టక్కర్లేదు, ఇండియాలో ఉన్న పన్నేదో కట్టేసి ఊరుకునేదాన్ని. దాదాపు మూడు నెలల టైముంది నాకు. ఆ మూడు నెలలూ ఏ క్రెడిట్ కార్డుకి ఎయిర్‌పోర్ట్ లాంజ్ ఉంటుందో చదువుతూ కూర్చున్నాను. మా వాడు కూడా అక్టోబర్‌లోనే వస్తున్నాడు, అందుకే ఫోన్‌లో మొదట అదే అడిగింది.

అక్టోబర్‌లో బయల్దేరేవాళ్లకి ఇంకో మెలిక కూడా ఉంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా ఇండియాలో ఉంటే 182 రోజులు దాటిపోతాయి, అంటే ఆ మార్చి దాకా ఇండియా ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల లెక్కలో మనం రెసిడెంటే. ఇక్కడ అందుకున్న ఆరు నెలల జీతం కూడా అక్కడి రిటర్న్‌లో చూపించి, ఇక్కడ కట్టిన పన్నుకి క్రెడిట్ అడగాలి. అదే ఫెమా (విదేశీ మారకద్రవ్యం చట్టం) లెక్కలో అయితే ఉద్యోగానికి దేశం దాటగానే నాన్ రెసిడెంట్. ఒకే మనిషి, రెండు చట్టాలు, రెండు స్టేటస్‌లు!

ఆ ఫెమా వల్లే పాత సేవింగ్స్ అకౌంట్ని అలాగే వాడుకోకూడదు, బ్యాంకుకి చెప్పి ఎన్‌ఆర్‌ఓగా మార్పించాలి. ఎన్‌ఆర్‌ఓ అంటే ఇండియాలో పుట్టే డబ్బుకి, నాకైతే మియాపూర్ ఫ్లాటు అద్దె అందులో పడుతుంది. ఎన్‌ఆర్‌ఈ అంటే ఇక్కడ సంపాదించి పంపేదానికి, అది ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద 30 శాతం, సెస్సుతో కలిపి 31.2 శాతం ముందే కోసేస్తారు కాబట్టి అందులో పెద్ద మొత్తాలు ఎఫ్‌డీ వేసి మర్చిపోకండి. ఇక ఎన్‌ఆర్‌ఈ గురించి. బ్యాంకు నుంచి ఫోన్ చేసే రిలేషన్‌షిప్ మేనేజర్లు "మేడమ్, వడ్డీకి పూర్తిగా టాక్స్ ఫ్రీ" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు, ఇండియాలో నిజంగానే పన్ను లేదు. అమెరికాలో ఉంది. ఆ వడ్డీ ఇక్కడి రిటర్న్‌లో చూపించి తీరాలి. పీపీఎఫ్ కూడా అంతే, ఉన్నది గడువు తీరేదాకా నడుపుకోవచ్చు, కొత్తగా తెరవలేం, వడ్డీ మాత్రం ఇక్కడ చూపించాల్సిందే.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కంగారు పెట్టింది తెనాలిలో నాన్న అకౌంటు. నాన్న లెక్చరర్‌గా రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా ఎఫ్‌డీలు వేసి, రేపు ఏమన్నా అయితే అమ్మ తిరగలేదని అన్నిట్లోనూ రెండో పేరు నాది పెట్టించారు. ఈదర్ ఆర్ సర్వైవర్. అందులో ఒక్క రూపాయి నాది కాదు, ఒక్కసారి కూడా నేను తీయలేదు. అయినా, బయటి దేశాల్లో నా పేరున్న అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే అమెరికా ప్రభుత్వానికి ఎఫ్‌బార్ అనే రిపోర్టు వేయాలి, నాన్న ఎఫ్‌డీలు కూడా అందులో చూపించాలి. బాబాయ్ ఏజెంటుగా కట్టించిన ఎల్‌ఐసీ పాలసీకి సరెండర్ వాల్యూ ఉంటుంది కాబట్టి అదీ అందులోకే వస్తుంది. ఇది వట్టి రిపోర్టు మాత్రమే, దీనికి పన్నేమీ లేదు, ఆన్‌లైన్‌లో ఉచితంగా మనమే వేసుకోవచ్చు, ఏప్రిల్ 15 దాటినా అక్టోబర్ 15 దాకా గడువు దానంతటదే ఉంటుంది. కానీ వేయకపోతే, తెలియక చేసినా సరే, ఒక్కో ఏడాదికి పదివేల డాలర్లు దాటి జరిమానా వేసే అధికారం వాళ్లకుంది. ఒక్కో అకౌంటుకి విడివిడిగా వేయకూడదు, ఏడాది రిపోర్టుకి ఒకటే అని 2023లో అమెరికా సుప్రీంకోర్టు బిట్నర్ కేసులో చెప్పాక కాస్త ఊపిరి పీల్చుకున్నారు జనం.

నేను 2019ది వేయలేదు, తెలియదు కాబట్టి. తెలిశాక ఆలస్యానికి కారణం రాసి వేశాను, ఏ ఉత్తరమూ రాలేదు. అసలు కష్టం నాన్నకి చెప్పడం. "నా రిటైర్మెంట్ డబ్బుతో అమెరికా వాళ్లకేం పనమ్మా? నీ పేరు తీయించేస్తాలే" అన్నారు. మాటలో కోపం లేదు గానీ నొచ్చుకున్నారని తెలిసింది. పేరు తీస్తే అమ్మ సంగతేంటని నేనే వద్దన్నాను, ఏడాదికి ఒకసారి ఫారం నింపడం ఏమంత పని. అప్పట్నుంచి ప్రతి జనవరిలో పాస్‌బుక్కు ట్యూబ్‌లైటు కింద పట్టుకుని ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపిస్తారు. సరిగ్గా బ్యాలెన్స్ ఉన్నచోటే బొటనవేలు అడ్డం. మళ్లీ తీయమంటే మళ్లీ అదే వేలు.

బయల్దేరే ముందు చేయాల్సిన చిన్న పని ఒకటి మర్చిపోతున్నాను. ఆ పాత అకౌంట్లన్నిటికీ ఓటీపీ మీ ఇండియా నంబరుకే వస్తుంది. ఆ సిమ్‌కి రోమింగ్ పెట్టించుకుని, రీఛార్జి అయిపోకుండా చూసుకోండి. నాది ఒకసారి ఆగిపోతే ఎన్‌ఆర్‌ఓలోకి నాలుగు నెలలు అడుగు పెట్టలేకపోయాను.

పెట్టుబడుల సంగతికొస్తే, "మనం ఎలాగూ వెళ్లిపోతాం కదా, 59న్నర ఏళ్లదాకా తాళం వేసే 401కె ఎందుకు?" అనేవాళ్లు మా ఆఫీసులో చాలామంది ఉండేవాళ్లు. 401కె అంటే కంపెనీ ద్వారా జీతంలోంచి వేసుకునే రిటైర్మెంట్ పొదుపు. కంపెనీ మ్యాచ్ ఇచ్చేంతవరకైనా వేయండి. డాలరుకి డాలరు కలిపే మ్యాచ్ అయితే రేపు ముందే తీసి పది శాతం పెనాల్టీ, పన్ను కట్టినా సాధారణంగా లాభమే. కాకపోతే వెస్టింగ్ ఎన్నేళ్లో హెచ్‌ఆర్‌ని అడగండి. నా రూమ్మేట్ వాళ్ల కంపెనీలో మూడేళ్లు నిండితే గానీ మ్యాచ్ మనది కాదు, ఆమె రెండేళ్ల పది నెలలకి ఉద్యోగం మారింది! షేర్లు కొనుక్కునే బ్రోకరేజ్ అకౌంట్ తెరిచేటప్పుడు ఒకే ఒక్క ప్రశ్న, "నేను ఇండియా వెళ్లిపోయి అక్కడి అడ్రస్ ఇస్తే ఈ అకౌంట్ ఉంచుతారా?" కొందరు ఉంచుతారు, కొందరు కొనడం ఆపేయిస్తారు, కొందరు మూసుకోమంటారు. వీసా మీద ఉన్నవాళ్లం ఫీజులు, యాప్ ఎలా ఉంది అన్నవి చూసే ముందు ఇది తేల్చుకోవాలి.

ఆ రాత్రి మా వాడు స్క్రీన్‌షాట్ పంపాడు. నాలుగు సిప్‌లు, అందులో ఒకటి టాక్స్ సేవింగ్ కోసం వేసిన ఈఎల్‌ఎస్‌ఎస్. దానికి మూడేళ్ల లాకిన్, అదీ కట్టిన ప్రతి నెల వాయిదాకి విడివిడిగా. ఈ డిసెంబర్‌లోపు అది మొత్తం అమ్మలేడు. మిగతా మూడూ అమ్మేయమన్నాను. దీన్ని మాత్రం ఈ నెలతో ఆపేసి, ఉన్నదాన్ని ఉంచుకోమన్నాను. ఒంటరివాడికి ఏడాది చివర ఫండ్లన్నీ కలిపి 25,000 డాలర్లు దాటకపోతే, డబ్బేమీ తీయని ఏడాది 8621 అక్కర్లేదు, తీసినప్పుడు ఎలాగూ తప్పదు. "సరే అక్కా" అని పెట్టాడు. రెండు నిమిషాలాగి, "మరి బోనస్?" మూడొందలిచ్చే బ్యాంకు మా సందు చివరే ఉంది, దిగాక తీసుకెళ్తానన్నాను.