ఏడు రాష్ట్రాలు, ఒకే గాలి: ఇంట్లో పిల్లలతో వేసే ఎన్నికల లెక్క

అధ్యక్ష ఎన్నికల ఏడాది వస్తే అమెరికాలోని మన ఇళ్ళలో జోస్యాలకు కొదవుండదు. తాతయ్య విజయవాడ నుంచి వాట్సాప్‌లో ఒకటి పంపుతారు, నాన్న పాట్‌లక్‌లో విన్నది ఒకటి చెబుతాడు, పిల్లలు బడిలో ఇంకోటి వింటారు. ఓటు మాత్రం చాలా ఇళ్ళలో ఇక్కడ పుట్టిన పిల్లలకే రాబోతోంది. హెచ్‌1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్న అమ్మానాన్నలకు ఆ హక్కు లేదు. కాబట్టి ఎవరు గెలవాలి అన్న వాదన కంటే ఎవరు గెలవవచ్చు అన్న లెక్కను ఇంట్లో నేర్పడం ఎక్కువ ఉపయోగం. ఏడో తరగతి దాటిన పిల్లలు దీన్ని హాయిగా చేయగలరు. తదుపరి పోలింగ్ 2028 నవంబరు 7న.

ముందు ఒక కాగితం మీద పునాది అంకెలు రాయించండి. మొత్తం ఎలక్టోరల్ ఓట్లు, అంటే రాష్ట్రాలకు ఇన్నేసి అని కేటాయించి చాలాచోట్ల గెలిచినవారికే అన్నీ ఇచ్చే ఓట్లు, 538. గెలవడానికి 270 కావాలి. 2024 ఫలితాల్లోంచి ఎటైనా మొగ్గగల ఏడు స్వింగ్ రాష్ట్రాలను పక్కన పెడితే డెమొక్రాట్లకు 226, రిపబ్లికన్లకు 219 మిగులుతాయి. నెబ్రాస్కా, మెయిన్ రాష్ట్రాలు కొన్ని ఓట్లను జిల్లాలవారీగా ఇస్తాయి. ఆ చీలిక కూడా ఈ అంకెల్లో ఉంది. మిగతా 93 ఓట్లు ఇవి: పెన్సిల్వేనియా 19, జార్జియా 16, నార్త్ కరోలినా 16, మిషిగన్ 15, అరిజోనా 11, విస్కాన్సిన్ 10, నెవాడా 6. కేటాయింపు 2020 జనగణనది కాబట్టి 2028లోనూ ఇవే ఉంటాయి. పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రాల జాబితా మాత్రం మారవచ్చు, అప్పుడు చూసుకోవాలి.

ఇప్పుడు ఎవరికి ఏవి కలిస్తే 270 వస్తుందో పిల్లల్నే వెతకనివ్వండి. 226కు పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ కలిపితే సరిగ్గా 270. 219కి పెన్సిల్వేనియా, జార్జియా, నార్త్ కరోలినా కలిపినా సరిగ్గా 270. 226కు జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా కలిపితే 269 దగ్గర ఆగి, చెరిసగం అవుతుంది. అప్పుడు ప్రతినిధుల సభ తేలుస్తుంది, అదీ రాష్ట్రానికి ఒక్క ఓటు చొప్పున. పెన్సిల్వేనియా గురించి అందరూ అంతగా ఎందుకు మాట్లాడతారో ఈ కూడికలతోనే తెలిసిపోతుంది.

రెండో పని, సర్వేల సగటు. పోలింగుకు ముందు మూడు వారాల్లో వచ్చిన, ఆ రాష్ట్రంలో చేసిన సర్వేలనే తీసుకోవాలి. ఒక్కో సంస్థది ఒక్కటే, అదీ తాజాది. ఓటరుగా నమోదైన అందరినీ అడిగినదీ, ఓటు వేసే అవకాశమున్నవాళ్ళనే లెక్కలోకి తీసుకున్నదీ రెండూ ఉంటే రెండోది ఎంచుకోవాలి. ఒకరి ఆధిక్యాన్ని ప్లస్‌గా, రెండోవారి ఆధిక్యాన్ని మైనస్‌గా రాసి, ఆ తేడాలను కూడి సగటు తీస్తే చాలు.

పిల్లలు తప్పులో కాలేసేది ఇక్కడే. 800 మందిని అడిగిన సర్వేలో 48-46 వచ్చిందనుకుందాం. దాని పొరపాటు హద్దు (మార్జిన్ ఆఫ్ ఎర్రర్) ఇటూ అటూ 3.5. ఆ 3.5 ఒక్కొక్కరి వాటాకు వర్తిస్తుంది. ఇద్దరి మధ్య తేడాకు అది దాదాపు రెట్టింపు, అంటే సుమారు 7. రెండు పాయింట్ల ఆధిక్యాన్ని ఆధిక్యం అని పిలవడానికే వీల్లేదు. పైగా ఈ హద్దులో మనుషుల ఎంపికలో జరిగే పొరపాటు కలవదు. 2016లో చాలా రాష్ట్ర సర్వేలు జవాబిచ్చినవాళ్ళలో చదువుకున్నవాళ్ళ వాటాను అసలు జనాభాలోని వాటాకు తగ్గట్టు సరిచేయలేదు. డిగ్రీ ఉన్నవాళ్ళు సర్వేలకు ఎక్కువగా జవాబిస్తారు, వాళ్ళ మొగ్గే రాష్ట్రం మొగ్గులా కనిపించింది. దాన్ని దిద్దుకున్నాక కూడా 2020లో విస్కాన్సిన్‌లో బైడెన్‌కు సగటున 8 పాయింట్ల దాకా ఆధిక్యం చూపారు, ఆయన చివరికి గెలిచింది 20,682 ఓట్లతో, ఒక శాతం కూడా కాదు. అలాగని ప్రతిసారీ రిపబ్లికన్లకు నాలుగు పాయింట్లు కలపడం సరికాదు. 2022లో మిషిగన్, పెన్సిల్వేనియాల్లో పొరపాటు రెండో వైపుకు తిరిగింది.

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు మూడోది, దీనికి ఒక సాయంత్రమంతా ఇచ్చినా తప్పులేదు. ఏడు రాష్ట్రాల్లోనూ పోటీ సరిసమానం అనుకుంటే ఒకే పక్షానికి ఏడూ దక్కే అవకాశం ఎంత అని అడగండి. నాణెం లెక్కలు చదివిన పిల్లలు సగాన్ని ఏడుసార్లు గుణించి 128లో ఒకటి అంటారు, ఇద్దరిలో ఎవరికైనా అంటే 64లో ఒకటి. గుణకారం తప్పు కాదు, ఏడు రాష్ట్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఓటేస్తాయన్న ఊహ తప్పు. 2024లో ఏడూ ట్రంప్‌కే వెళ్ళాయి. దీన్ని తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, మనకు దానికి మాటే ఉంది: గాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 175 సీట్లలో ఒకే పార్టీకి 151 వచ్చాయి, 2024లో ఎదుటి కూటమికి 164 వచ్చాయి. గాలి వీచిందంటే నియోజకవర్గాలన్నీ ఒకే వైపు వంగుతాయని అమ్మమ్మ తాతయ్యలే పిల్లలకు వీడియో కాల్‌లో చెప్పగలరు. సర్వేల పొరపాటుకూ ఇలాంటి గాలే ఉంటుంది: ఒక రాష్ట్రంలో ఒక వర్గాన్ని తక్కువగా పట్టుకున్నవాళ్ళు పక్క రాష్ట్రంలోనూ తక్కువగానే పట్టుకుంటారు.

ఈ గాలిని లూడో పాచికలతో చూపించవచ్చు. రెండు పాచికలు వేసి, మొత్తంలోంచి 7 తీసేయండి. అది ఏడు రాష్ట్రాలకూ ఉమ్మడి గాలి. తర్వాత ఒక్కో రాష్ట్రానికి ఒక ఎర్ర పాచిక, ఒక తెల్ల పాచిక వేసి, ఎర్రదానిలోంచి తెల్లదాన్ని తీసేయండి. అది ఆ రాష్ట్రం సొంత పొరపాటు. సర్వే సగటుకు ఈ రెండూ కలపాలి. ప్లస్ వస్తే ఆ రాష్ట్రం ఒక పక్షానిది, మైనస్ వస్తే రెండో పక్షానిది, సున్నా వస్తే నాణెం ఎగరేయాలి. ఇది ఒక ఎన్నిక. ఇలా ఇరవై ఎన్నికలు వేస్తే 160 విసుర్లు, ఓపిక లేకపోతే గూగుల్ షీట్స్‌లో ర్యాండమ్ అంకెలతో వెయ్యి వేయవచ్చు. సగటులన్నీ సున్నా పెట్టి చేస్తే ఎవరో ఒకరికి ఏడూ దక్కడం దాదాపు నాలుగుసార్లకు ఒకసారి వస్తుంది. 64లో ఒకటి ఎక్కడ, నాలుగులో ఒకటి ఎక్కడ! ఉమ్మడి గాలిని తీసేసి మళ్ళీ వేయిస్తే తేడా పిల్లల చేతికే తెలుస్తుంది.

మన పెద్దవాళ్ళు ఈ లెక్కలోకి తెచ్చే అలవాట్లు రెండున్నాయి. ఒకటి, ‘మనవాళ్ళ ఓట్లే తేలుస్తాయి’ అనడం. 2020లో జార్జియా తేడా 11,779 ఓట్లు, అట్లాంటా చుట్టూ మనవాళ్ళు అంతకంటే చాలా ఎక్కువమందే ఉన్నారు, నిజమే. జనాభా మాత్రం ఓట్లు కాదు. అందులో పౌరులెంతమంది, 18 దాటినవాళ్ళెంతమంది, నమోదైనవాళ్ళెంతమంది, వేసినవాళ్ళెంతమంది అని వడపోయాలి. వడపోశాక 10,000 ఓట్లు మిగిలి 60-40గా చీలితే, ఫలితం మీద పడే తేడా 2,000 మాత్రమే. రెండోది, అభిమానం. 2024లో ఒకవైపు తమిళ తల్లి కూతురు కమలా హారిస్, మరోవైపు తెలుగు కుటుంబంలో పుట్టిన ఉషా వాన్స్ భర్త ఉండటంతో రెండు వైపులా ‘మనవాళ్ళు’ అన్న మాట వినిపించింది. అభిమానం తప్పు కాదు, దాన్ని శాతంలోకి రానివ్వకూడదు. తమకు నచ్చని అభ్యర్థి గెలుస్తాడని నమ్మించే మూడు కారణాలను పిల్లల చేత ముందు రాయించడం దీనికి బాగా పనికొస్తుంది.

లెక్కింపు రాత్రికి విడిగా సిద్ధం కావాలి. జార్జియాలో పోలింగ్ ముగిసే రాత్రి 7 అంటే ఇండియాలో మర్నాడు ఉదయం 5:30, తాతయ్య కాఫీతో టీవీ ముందు కూర్చునే వేళ. ఇండియాలో పోస్టల్ బ్యాలెట్లతో మొదలుపెట్టి రౌండ్లవారీగా లెక్కిస్తారు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. పెన్సిల్వేనియాలో పోలింగ్ రోజు ఉదయం 7 దాకా పోస్టు కవర్లు తెరవకూడదు. అందుకే 2020లో ఆ రాత్రి ట్రంప్‌కు లక్షల్లో కనిపించిన ఆధిక్యం కరిగి, బైడెన్ దాదాపు 80,000తో గెలిచారు. మిల్వాకీ నగరం పోస్టు ఓట్లు అర్ధరాత్రి తర్వాత ఒక్కసారిగా వచ్చి పడతాయి. అరిజోనాలో చివరిరోజు పెట్టెల్లో వేసిన కవర్లకు రోజులు పడుతుంది. లీడ్ మారగానే మోసం అనుకునే పెద్దలకు ఈ వరస ముందే చెప్పి ఉంచే పని పిల్లలకు అప్పగించండి, తెలుగులో. పోస్టల్ బ్యాలెట్, మెజారిటీ, ఆధిక్యం లాంటి మాటలు ఆ వంకతో వాళ్ళ నోట నలుగుతాయి.

ఆ రాత్రి రాష్ట్రం మొత్తం అంకె కంటే, లెక్క పూర్తయిన కౌంటీని క్రితంసారితో పోల్చడం నమ్మదగినది. పెన్సిల్వేనియాలో ఈరీ, నార్తాంప్టన్, మిషిగన్‌లో సాగినా 2016లో ట్రంప్‌కు, 2020లో బైడెన్‌కు, 2024లో మళ్ళీ ట్రంప్‌కు వేశాయి. ఎవరు గెలిచారన్నదే చూడటం చాలదు. మన కుటుంబాలు ఎక్కువగా ఉన్న జార్జియా ఫోర్సైత్ కౌంటీ ప్రతిసారీ రిపబ్లికన్లదే, అయినా వాళ్ళ వాటా 2012లో 80 శాతం ప్రాంతం నుంచి 2020లో 66కు దిగింది. 2020లో జార్జియా డెమొక్రాట్ల వైపు తిరగడంలో ఇలాంటి తరుగులకు పెద్ద భాగం ఉంది.

జోస్యాన్ని పోలింగుకు ముందురోజు కవరులో పెట్టి అంటించాలి, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో శాతంతో. గోదావరి జిల్లాల్లోలా డబ్బు పందేలు వద్దు, మార్కులు చాలు. చెప్పిన సంభావ్యతకూ ఫలితానికీ, అంటే 1కో 0కో, మధ్య తేడాను వర్గం చేయాలి. 70 శాతం అని జరిగితే 0.09, జరగకపోతే 0.49, తెలియదని 50 రాస్తే ఎటైనా 0.25. తక్కువ వచ్చినవాళ్ళదే మంచి లెక్క. టీవీ ప్రకటనతో కాక, రాష్ట్రాలు ధ్రువీకరించిన ఫలితాలు వచ్చాకే కవరు తెరవండి. నార్త్ కరోలినాలో పౌరులైన పిల్లలు 16 ఏళ్ళకే ముందస్తుగా ఓటరు నమోదు చేసుకోవచ్చు, జార్జియాలో 16 నిండిన విద్యార్థులు పోలింగ్ కేంద్రంలో పనికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఫారాలను కూడా ఈ కాగితాల పక్కనే ఉంచండి.