మూడు కెమెరాల గ్రిమ్ సోదరులు

ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు, చూపులు మాత్రం కలవడం లేదు. ఇవాళ టీవీలో, జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల మీద తీసిన 1962 నాటి 'ద వండర్‌ఫుల్ వరల్డ్ ఆఫ్ ద బ్రదర్స్ గ్రిమ్' చూస్తూ అక్కడే ఆగిపోయాను.

నటుల తప్పేం లేదు, ఇది సినెరామా, అంటే మూడు బొమ్మల్ని పక్కపక్కన కలిపి వెడల్పు తెర నింపే పద్ధతి. మూడు 27 ఎం.ఎం. లెన్సులు, మూడు 35 ఎం.ఎం. నెగిటివ్‌లు ఒకేసారి తిరుగుతాయి. ఫ్రేము ఎత్తు, ఫిల్మ్ అంచున ఉండే కన్నాల లెక్కలో, మామూలు 4 కాదు, 6. థియేటర్‌లో మూడు ప్రొజెక్టర్లు కలిసి 146 డిగ్రీల వంపు తెర మీద బొమ్మ వేస్తాయి. ఆ మూడు బొమ్మల్లో పక్కదాంట్లో, అంటే పక్క ప్యానెల్‌లో ఉన్న నటుడు నిజంగా ఎదుటివాణ్ణే చూస్తే, ఆ వంపు మీద చూపు ఎటో పోతుంది. అందుకని మనిషిని వదిలేసి, గుర్తు పెట్టిన చోటు చూస్తూ డైలాగ్ చెప్పాలి. ఎదురుగా ఎవరూ లేనట్టు ప్రేమో కోపమో పండించడమంటే మాటలా!

అతుకులు ఇంకో తలనొప్పి. రెండు ప్యానెళ్లు కలిసే చోట చెట్టో స్తంభమో తలుపు అంచో వచ్చేలా సెట్ అమర్చుకోవాలి. మనిషి ఆ గీత దాటి నడిస్తే ఒళ్లు విరిగినట్టు కనిపిస్తుంది. ముఖం పెద్దగా కావాలంటే కెమెరాని దాదాపు ముక్కు దగ్గరికి తేవాలి.

కథలో నాకు నచ్చనిది ఒకటే. ఇందులో సోదరుల్లో ఒకడైన విల్‌హెల్మ్ అడవిలో ముసలమ్మ ఇంటి దగ్గర చాటుగా కథలు వింటాడు. అసలైతే చాలా కథలు జర్మనీలోని కాసెల్ ఊళ్లో, చదువుకున్న ఇళ్ల అమ్మాయిలు చెప్పినవే. దర్జీ భార్య డోరొతేయా ఫీమాన్ అయితే స్వయంగా సోదరుల ఇంటికే వచ్చి చెప్పేది. ఆ గదిని, ఆమె చెబుతుంటే రాసుకునే చేతుల్ని ఎవరైనా తీస్తే చూడాలని ఉంది. దానికి ఒక్క కెమెరా చాలు.