మళ్ళీ కనిపించిన ముట్టు

ముట్లు ఆగిన నాలుగేళ్ళకు, నా 54వ ఏట, సంక్రాంతి పిండివంటల హడావుడిలో మళ్ళీ ఎరుపు కనిపించింది. పక్కింటి పిన్ని "వేడి చేసిందే, సబ్జా నీళ్ళు తాగు" అంది. రెండు నెలలు తాగాను. పొట్ట ఉబ్బరానికి గ్యాస్ బిళ్ళలూ మింగాను. పర్లాకిమిడిలో మా వీధి మందుల షాపులో ఉండేది మగపిల్లాడు. వాడితో గ్యాస్ అని చెప్పగలం గాని, ఇది ఎలా చెప్తాం?

చివరికి కోడలు పట్టుబట్టి స్కానింగుకు తీసుకెళ్ళింది. "మావుసీ, ఆగిపోయాక ఒక్క చుక్క కనిపించినా రావాలి కదా" అని డాక్టరమ్మ ఒడియాలో కోప్పడింది. కుడి అండాశయంలో 8 సెంటీమీటర్ల గడ్డ ఉంది, గర్భసంచి లోపలి పొర మందమైంది. అండాశయ కేన్సర్ అనుమానంతో చేసే సీఏ 125 రక్తపరీక్షలో మాత్రం 22 వచ్చింది. 35 లోపు మామూలేనని కాగితం మీదే ఉంది. మా ఆయన వెళ్ళి కొబ్బరికాయ కొట్టేసి వచ్చాడు కూడా.

డాక్టరమ్మ మాత్రం విశాఖ వెళ్ళమంది. గుణుపురం నుంచి వచ్చే పాసింజరు ఎక్కాం. నౌపడ దాటినా ఎవరం నోరు విప్పలేదు, కోడలు కట్టిన పులిహోర డబ్బా మూత తీయలేదు.

అక్కడ ముందు గర్భసంచి పొర ముక్క తీసి చూశారు. తర్వాత ఆపరేషన్ చేసి గర్భసంచి, ట్యూబులు, రెండు అండాశయాలు తీసేశారు. పది రోజులకు రిపోర్టు వచ్చింది: గ్రాన్యులోసా సెల్ ట్యూమర్, స్టేజ్ 1ఏ, అంటే ఒక్క అండాశయం దాటని తొలి దశ. కేన్సరే.

ఎన్నాళ్ళు బతుకుతానని అడగబోయి, ఎందుకో "ఇదేం పేరు సార్?" అన్నాను. విశాఖ డాక్టరుగారు రిపోర్టు తిరగేసి వెనక బొమ్మ గీశారు. అండాశయ కేన్సర్లలో పదింట తొమ్మిది అండాశయం పై పొరకు సంబంధించినవట, సీఏ 125 ఎక్కువగా పట్టిచ్చేది వాటినే. అండాలయ్యే కణాల్లో పుట్టేవి ఎక్కువగా చిన్నవయసు ఆడపిల్లలకు వస్తాయి. నాది మూడో రకం. అండం చుట్టూ ఉండి ఈస్ట్రోజన్ తయారుచేసే కణాలవి. ఆ గడ్డ వదిలిన హార్మోనుకే గర్భసంచి పొర మందమై రక్తం కనిపించింది. నేను సబ్జా నీళ్ళు పోసి చల్లార్చిన వేడి అదన్నమాట!

నాకు కీమో అక్కర్లేదన్నారు. కాకపోతే ఇది పదేళ్ళ తర్వాత కూడా తిరిగి రావచ్చట, అందుకని ఈ కణాలు వదిలే ఇన్‌హిబిన్ అనే హార్మోను రక్తపరీక్ష చేయించుకుంటూనే ఉండాలి. ఇప్పుడు మూడో ఏడు. ఆర్నెల్లకోసారి అదే పాసింజరు, అదే పులిహోర. ఈమధ్య డబ్బా నౌపడ దాకా ఆగడం లేదు.