బెరియెస్సా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు: టికెట్లనే నమ్ముకున్న రైలులో

2025 డిసెంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం శాన్‌హోసేలోని బెరియెస్సా స్టేషన్‌లో బార్ట్ (శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో మెట్రో తరహా రైళ్లు నడిపే ప్రజారవాణా సంస్థ) రైలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరాను. దాని పట్టాల మధ్య వెడల్పు 1,676 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా మన బ్రాడ్‌గేజ్ అంత. అమెరికాలో మామూలు రైలుమార్గాలు ఇంతకంటే ఇరుకు. అయితే నన్ను అక్కడికి రప్పించింది పట్టాలు కాదు, 1972 నుంచి నడుస్తున్న ఆ సంస్థకు వచ్చిపడిన డబ్బు కటకట.

దాని ఆనవాళ్లు స్టేషన్ గేటు దగ్గరే కనిపించాయి. పాత గేట్లను ఎగిరి దాటి టికెట్ లేకుండా వెళ్లేవారు ఎక్కువ కావడంతో మొత్తం 50 స్టేషన్లలోనూ ఎత్తైన, పారదర్శకమైన తలుపులు బిగించారు. ఖర్చు 9 కోట్ల డాలర్లు. వాటివల్ల ఏటా దాదాపు కోటి డాలర్లు మిగులుతాయని సంస్థ అంచనా. బిగించడం మంచిదే, కానీ సంస్థకు ఎదురుకాబోతున్న లోటు ఏటా 35 నుంచి 40 కోట్ల డాలర్లని తెలిసినవారికి గేట్లతో అది పూడదని వేరే చెప్పనక్కర్లేదు.

కోవిడ్‌కు ముందు పనిదినాల్లో నాలుగు లక్షలకు పైగా ప్రయాణాలు జరిగేవి, నిర్వహణ ఖర్చులో అరవై శాతానికి పైగా టికెట్లు, పార్కింగ్ రుసుముల నుంచే వచ్చేది. అమెరికాలో ఇంతగా సొంత కాళ్లమీద నిలబడిన ప్రజారవాణా సంస్థలు అరుదు. శాన్‌ఫ్రాన్సిస్కో కార్యాలయాల ఉద్యోగులు ఇళ్ల నుంచి పనిచేయడం మొదలుపెట్టాక ఆ బలమే బలహీనత అయింది. 2025లోనూ ప్రయాణికులు పూర్వపు సంఖ్యలో దాదాపు సగమే. ప్రభుత్వాల అత్యవసర సాయంతో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు, ఆ సొమ్మూ 2026లో అయిపోతుంది.

ఫ్రూట్‌వేల్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్న ఒకావిడ నగరంలోని ఆసుపత్రి వంటశాలలో సాయంత్రపు షిఫ్టు చేస్తానని, రాత్రి పదిన్నర దాటాక ఇదే దారిలో ఇల్లు చేరతానని చెప్పారు. నిధులు దొరకకపోతే రాత్రి తొమ్మిదికే రైళ్లు ఆపాల్సి వస్తుందని, కొన్ని స్టేషన్లు మూతపడవచ్చని సంస్థ హెచ్చరిస్తున్న సంగతి ఆవిడకు తెలుసు. ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు ఆవిడ ఉద్యోగంలో లేదు, కారు లేదు. లోటు లెక్కలు రాసేవారు ముందుగా తలుచుకోవలసింది ఇలాంటివారినేనని నా అభిప్రాయం.

వెస్ట్ ఓక్లాండ్ దాటగానే రైలు సముద్రపు పాయ కింది గొట్టంలోకి దిగింది. 1974లో రాకపోకలు మొదలైన ఈ మార్గం పొడవు సుమారు 5.8 కిలోమీటర్లు, నీటిమట్టం నుంచి లోతు ఒకచోట 40 మీటర్లు దాటుతుంది. గొట్టంలో గంటకు పది రైళ్లు వెళ్లినా ఒకటే వెళ్లినా గాలి ఆడించే యంత్రాలు, సిగ్నళ్లు, పట్టాల మరమ్మతు, నియంత్రణ కేంద్రం సిబ్బంది ఉండి తీరాలి. అందుకే సర్వీసులు సగానికి తగ్గిస్తే ఖర్చు సగం కాదు; పైగా రైలు కోసం ఎక్కువసేపు ఎదురుచూడలేనివారు వెళ్లిపోతారు, టికెట్ రాబడి ఇంకా పడిపోతుంది. 2023లో రైళ్లను కురచ చేసి, ఉన్న పెట్టెలనే సర్దుకుని రాత్రులు, వారాంతాల్లో సర్వీసులు పెంచడం నాకు మెచ్చదగిన ఆలోచనగా తోచింది. కానీ అలాంటి పొదుపుకు ఒక హద్దుంది.

ఎంబార్కడెరోలో దిగేసరికి నా ఆలోచన అంతా రాబోయే ఓటింగు మీదే ఉంది. కాలిఫోర్నియా గవర్నర్ 2025 అక్టోబరులో సంతకం చేసిన చట్టం, ప్రజారవాణాకు నిధుల కోసం అయిదు కౌంటీల్లో (మన జిల్లాల వంటివి) అమ్మకపు పన్ను పెంపును 2026 నవంబరులో ఓటర్ల ముందుకు తెచ్చేందుకు దారి చూపింది: నాలుగు కౌంటీల్లో అర శాతం, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక శాతం, 14 ఏళ్లపాటు. అమ్మకపు పన్ను పేదలపైనే ఎక్కువ బరువు వేస్తుందన్న అభ్యంతరం నిజమే; రాత్రి రైలు ఆగిపోతే పడే బరువు వారికి అంతకంటే ఎక్కువ. పౌరులు సంతకాలు సేకరించి ప్రతిపాదిస్తే సగానికి మించి ఓట్లు వచ్చినా చాలు, లేకపోతే మూడింట రెండు వంతులు కావాలి. అందుకే, నేను వెళ్లిన నాటికి, ముందు సంతకాల సేకరణ నెగ్గాల్సి ఉంది.