బువ్వ మీదికి మనసు గుంజితే

డైటింగ్ మొదలుపెట్టగానే అందరూ ముందు అన్నం మీద పడతారు. మధ్యాహ్నం బువ్వ పూర్తిగా మానేస్తే, సాయంత్రం ఐదింటికి సర్వపిండి (బియ్యప్పిండిని గిన్నెకు ఒత్తి, చిల్లులు పెట్టి నూనెతో కాల్చే కారం రొట్టె) వాసనకే కాళ్లు ఆగిపోతాయి. అది మనసు బలహీనత కాదు, వట్టి ఆకలి.

మానొద్దు, కొలవండి. వండిన అన్నం 100 గ్రాములకు దాదాపు 130 కేలరీలు. పూటకు 150 గ్రాములతో మొదలుపెట్టండి. ఒక్కసారి తూచి, ఏ గిన్నెకు సరిపోతుందో చూసుకుంటే రోజూ తక్కెడ పని ఉండదు. ముందు కూర, పప్పు, ఒక గుడ్డు పెట్టుకుని, వాటిలో సగం తిన్నాకే అన్నం పెట్టుకోవాలి. పచ్చిపులుసుతో మాత్రం జాగ్రత్త. నమలకుండానే జారిపోతుంది, మారు వడ్డించుకున్న సంగతే తెలియదు.

పాలమూరు వైపు జొన్నరొట్టె కదా, ఏం కాదులే అని నాలుగు లాగించేస్తారు. 40 గ్రాముల పిండితో చేసిన రొట్టెలోనూ 140 కేలరీల దాకా ఉంటాయి. దాని లాభం వేరే: పీచు ఎక్కువ, నమిలే పని ఎక్కువ, కాబట్టి రెండు రొట్టెలకే కడుపు నిండుతుంది.

సాయంత్రం ఆకలి ముదరకముందే, నాలుగున్నరకే ఒక చిన్న గిన్నెడు శనగ గుడాలు తినండి. రాత్రి నానబెట్టి, ఉప్పేసి ఉడికించి, ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిపితే చాలు. తాలింపు తప్పదంటే ఒక్క చిన్న చెంచా నూనె, అదే 45 కేలరీలు.

సర్వపిండి కావాలంటే ఆ పూట అన్నం బదులు తినండి, అన్నం మీద కాదు. చిల్లుల్లో పోసే నూనె చెంచాతో కొలవాలి, లెక్క తప్పేది అక్కడే.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా అన్నం తగ్గించొద్దు. షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.