పింకీ పళ్ళ సంగతి: సంక్రాంతి నుంచి శ్రావణం దాకా

పింకీ మా పిన్ని వాళ్ళ కుక్క. వాళ్ళు బెంగళూరు వెళ్ళిపోతూ మా దగ్గర వదిలి వెళ్ళారు. చూసినవాళ్ళందరూ పొమేరియన్ అంటారు గానీ మన ఇళ్ళల్లో ఉండేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే, ఇదీ అంతే, ఐదేళ్ళు దాటాయి. ఇలాంటి చిన్న జాతులకు నోరు చిన్నది, పళ్ళు మాత్రం పెద్ద కుక్కలకు ఉన్నన్నే, అంటే 42, ఇరుగ్గా ఉంటాయి కాబట్టి చిగుళ్ళ జబ్బు వీటికి తొందరగా వస్తుంది. ఇంట్లో రోజూ ఏం చేస్తే పళ్ళు శుభ్రంగా ఉంటాయో చూసుకుంటూ వస్తున్నాను, ఇలాంటి కుక్క ఉన్నవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

సంక్రాంతి తర్వాత

పై పెదవి ఎత్తి చూస్తే వెనక దవడ పళ్ళ మీద ముదురు పసుపు గార, చిగురు అంచు పొడుగునా ఎర్రటి గీత, దగ్గరికొస్తే కంపు. కుక్క నోటికి వాసన మామూలే అంటారు చాలామంది, కాదండీ, అంత కంపు వస్తోందంటే చిగుళ్ళు బాగాలేనట్టే.

పాచి మెత్తగా ఉన్నంతవరకే బ్రష్ పనిచేస్తుంది. లాలాజలంలో ఉండే ఖనిజాలు పట్టి అది రెండు మూడు రోజుల్లో గట్టిపడి గార అవుతుంది, కుక్కల లాలాజలానికి మనకంటే క్షారగుణం ఎక్కువ కాబట్టి వాటికి పుచ్చిపళ్ళు తక్కువ, గార మాత్రం తొందరగా పడుతుంది. ఒకసారి గార పట్టాక ఎంత తోమినా పోదు, స్కేలింగే (పనిముట్టుతో గార గీకి తీయడం) చేయించాలి. మా హైదరాబాద్‌లో నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, మేం మాత్రం ఇంటికి దగ్గరని ప్రైవేట్ క్లినిక్‌కి వెళ్ళాం. ముందు రక్తపరీక్షలు, తర్వాత పరగడుపున తీసుకెళ్ళి మత్తు ఇప్పించి స్కేలింగ్, చివర్లో పాలిషింగ్. పాలిషింగ్ ఎందుకంటే, గార గీకినప్పుడు పంటి మీద కంటికి కనపడనంత సన్నటి గీతలు పడతాయి, నున్నగా చేయకపోతే పాచి మళ్ళీ వాటినే పట్టుకుంటుంది. కింద ముందు పన్ను ఒకటి కదులుతుంటే తీసేశారు.

మత్తు లేకుండా ఇంటికొచ్చి గార గీకేస్తాం అని చెప్పేవాళ్ళు కూడా తగులుతారు. వద్దు. పైకి కనిపించే తెల్లదనమే మిగులుతుంది, అసలు జబ్బు చిగురు లోపల ఉంటుంది, మెలకువగా ఉన్న కుక్క అక్కడ పనిముట్టు పెట్టనివ్వదు.

శివరాత్రి దాకా

పన్ను తీసిన చోట చిగురు మానేదాకా బ్రష్ జోలికి వెళ్ళొద్దన్నారు డాక్టర్ గారు. అది మానాక కూడా నేను బ్రష్‌తో మొదలుపెట్టలేదు, ముందు ముట్టుకోనివ్వడం నేర్పించాను. రాత్రి తిండికి ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు, బుగ్గ మీద చేయి వేసి తీసేయడం, ఉడికించిన చికెన్ ముక్క ఇవ్వడం, అంతే. అది ముఖం తిప్పుకుంటే నేనూ ఆపేసేవాణ్ణి. తర్వాత పెదవి ఎత్తడం, ఆ తర్వాత ఒట్టి వేలితో పళ్ళు రుద్దడం. దానికి ఇష్టం లేదని తెలియాలంటే మూలిగేదాకా ఆగక్కర్లేదు, పెదవులు నాక్కోవడం, ఆవలించడం, తల పక్కకి తిప్పడం, ఇవి కనిపిస్తే ఆ రోజుకి చాలు.

ఒట్టి వేలికి అలవాటు పడ్డాక వేలికి గాజు గుడ్డ (గాయాలకు కట్టే పల్చటి నూలు గుడ్డ) చుట్టి, నీళ్ళతో తడిపి తుడిచాను. మెడికల్ షాపులో దొరికేదే. మొదట్లో గుడ్డ మీద పసుపు పచ్చటి జిగురుతో పాటు సన్నగా రక్తం చార కనిపించి అమ్మ భయపడింది, ఆపేయమంది కూడా. వాచిన చిగురు తాకితే అలా వస్తుంది, రోజూ తుడుస్తుంటే వాపు తగ్గి రక్తం ఆగిపోతుంది, పింకీకి అలాగే ఆగింది. రెండు వారాలు తుడిచినా ఆగకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించాలి.

ఉగాది: బ్రష్

కుక్కల బ్రష్‌లు పెట్ షాపుల్లో ఉంటాయి, కానీ ఇంత చిన్న నోటికి పసిపిల్లల మెత్తటి బ్రష్ ఇంకా బాగా సరిపోయింది, తల చిన్నది, పిడి సన్నం. వేలికి తొడిగే రబ్బరు బ్రష్ కూడా కొన్నాను, ఆ బ్రష్ ముళ్ళు మొద్దుగా ఉండి చిగురు అంచులోకి దిగవు, గుడ్డ నుంచి బ్రష్‌కి మారేటప్పుడు మధ్యలో కొన్నాళ్ళకైతే పరవాలేదు.

పట్టుకునే తీరు చెప్తా, అన్నిటికంటే ఇదే ముఖ్యం. ఎదురుగా కూర్చోవద్దు, మీదికొచ్చినట్టు అనిపించి బెదురుతుంది. నేల మీద దాని పక్కన, రెండు ముఖాలూ ఒకే వైపు ఉండేలా కూర్చుని, ఎడమ చేయి మూతి మీదుగా వేసి బొటనవేలితో పై పెదవి ఎత్తాలి. నోరు తెరవక్కర్లేదు, మూసి ఉంటేనే నయం, బ్రష్ కొరకదు. కోరపన్ను దాటి వెనక్కి వెళ్తే పైదవడలో అన్నిటికంటే పెద్ద పన్ను ఒకటి తగులుతుంది, లాలాజలం వచ్చే నాళం దానికి దగ్గర్లోనే తెరుచుకుంటుంది కాబట్టి గార ముందు అక్కడే పడుతుంది. నేను రోజూ అక్కడే మొదలుపెడతాను, ఎందుకంటే పింకీ ఓపిక ఎక్కడ అయిపోయినా ఆ పన్ను మాత్రం అయిపోవాలి. బ్రష్‌ని చిగురు వైపు ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీలు, పెట్టి సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద చిన్న చిన్న చుట్లు. గట్టిగా అదమొద్దు. ఒక్కో వైపు అర నిమిషం చాలు. లోపలి వైపు సంగతి చాలావరకు నాలుకే చూసుకుంటుంది, దానికోసం నోరు తెరిపించి గొడవ పడొద్దు.

ఇక రోజు మార్చి రోజు చాలా, ఆదివారం ఒక్కరోజు బాగా తోమితే సరిపోతుందా అని అడుగుతారు. పాచి గట్టిపడే లెక్క పైన చెప్పాను కదా, వారానికి ఒకసారి తోమితే మీరు తోమేది పాచిని కాదు, గారని. రోజూ చేయండి, కుదరకపోతే రోజు విడిచి రోజు, అంతకంటే తగ్గించొద్దు.

పేస్టు విషయంలో జాగ్రత్త

మన పేస్టు అస్సలు వద్దు. కుక్క పుక్కిలించి ఉమ్మదు, అంతా మింగేస్తుంది, ఫ్లోరైడూ నురగా కడుపులోకి పోతాయి. కొన్ని పేస్టుల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుపుతారు, షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లో కూడా ఉంటుంది, అది కుక్క ఒంట్లోకి వెళ్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, లివర్ దెబ్బతినవచ్చు, ప్రాణం పోవచ్చు. తిన్నదని తెలిస్తే ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. వంట సోడా కూడా వద్దు, సోడియం ఎక్కువ.

కుక్కల కోసం చేసిన ఎంజైమ్ పేస్టు తెచ్చాను, చికెన్ రుచి, శనగ గింజంత చాలు. బ్రష్ కుచ్చు లోపలికి వేలితో అదిమితే నాకేయకుండా పంటి దాకా వస్తుంది. పేస్టు అయిపోయిన రోజుల్లో ఒట్టి నీళ్ళతో తోమాను, ఏమీ తేడా రాలేదు. పాచి తీసేది కుచ్చు రాపిడే, పేస్టు రుచి కోసం, కొంచెం సాయం కోసం.

ఇక అందరూ చెప్పే మిగతావి. కొబ్బరి నూనె పూస్తే నాకేస్తుంది, పాచి అక్కడే ఉంటుంది. వేప పుల్ల నమిలిస్తే పేడు లేచి చిగురులో గుచ్చుకుంటుంది. క్యారెట్ మంచి చిరుతిండి, చిగురు అంచుని మాత్రం శుభ్రం చేయదు. గట్టి బిళ్ళల తిండి పెడితే పళ్ళు వాటంతటవే శుభ్రపడతాయన్నదీ అంతే, కొరకగానే పొడి అయిపోతుంది. డెంటల్ చూ (పళ్ళ కోసమని నమలడానికి ఇచ్చే చిరుతిండి) కొనేటట్టయితే వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ ముద్ర ఉందేమో చూడండి, పాచి గానీ గార గానీ తగ్గుతోందని పరీక్షల్లో చూపించిన వాటికే అది ఇస్తారు. నేను అప్పుడప్పుడు ఇస్తాను, ఇచ్చిన రోజు రాత్రి తిండి కొంచెం తగ్గిస్తాను, ఎదురుగానే కూర్చుంటాను, గబుక్కున మింగేస్తే గొంతులో అడ్డం పడుతుంది.

బోనాల నెల

ఆషాఢం ఆదివారాలు మా గల్లీలో ప్రతి ఇంట్లో మటనే. పక్కింటి ఆంటీకి పింకీ అంటే ప్రాణం, స్టీల్ గిన్నెలో నల్లి బొక్కలు పట్టుకొచ్చేది. బొక్క కొరికితే పళ్ళు గట్టిపడతాయి, గార ఊడుతుంది అని మన దగ్గర పెద్ద నమ్మకం. ఆ గట్టి బొక్కకే నేను చెప్పిన ఆ పెద్ద పన్ను పక్కనుంచి పెచ్చులా చీలిపోతుంది, లోపలి నరం బయటపడుతుంది, అప్పుడు మళ్ళీ మత్తు, పన్ను తీయడం. పైగా ఉడికిన బొక్క ముక్కలై పేగుల్లో గుచ్చుకోవచ్చు. "ఆంటీ, బొక్క వద్దు, ఉప్పుకారం వేయకముందు మెత్తటి ముక్క ఒకటి తీసి ఉంచండి చాలు" అన్నాను, ఆమె ఇప్పుడు అలాగే ఇస్తోంది. ఏది నమలనివ్వొచ్చు అని తెలుసుకోవడానికి డాక్టర్ గారు చెప్పిన పరీక్ష: బొటనవేలి గోరుతో నొక్కితే సొట్ట పడాలి, పడకపోతే పంటికి అది మరీ గట్టి. టెన్నిస్ బంతి కూడా రోజంతా నమలనివ్వొద్దు, దాని పైనూలు గరుకు, పళ్ళు అరుగుతాయి.

ఇప్పుడు, శ్రావణంలో

నెల మొదట్లో ఒకసారి ఫోన్ టార్చ్ వేసి రెండు వైపులా ఒకే కోణంలో ఫోటో తీస్తున్నా, పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి ఆనని తేడా తెలుస్తుంది. పై పళ్ళు రెండు వైపులా చాలావరకు తెల్లగానే ఉన్నాయి, చిగురు లేత గులాబీ రంగులోకి వచ్చింది, కంపు లేదు. కుడివైపు కంటే ఎడమవైపు కొంచెం మచ్చ పడుతోంది, నాది కుడిచేతి వాటం కాబట్టి అటువైపు బ్రష్ సరిగ్గా వంగడం లేదనుకుంటా, ఈ వారం నుంచి అటువైపు నాన్నతో పట్టించి నేను తోముతున్నా. కింద ముందు పళ్ళ దగ్గర ఇంకా ఒప్పుకోవట్లేదు, తీసేసిన పన్ను పక్కవే అవి. అక్కడ మళ్ళీ గాజు గుడ్డతో, చికెన్ ముక్కతో మొదటి నుంచి మొదలుపెట్టాను. దసరా లోపు డాక్టర్ గారికి చూపించాలి, ఎడమవైపు మచ్చ పాచేనా, గార మొదలైందా అని అడగాలి.